పెండ్లిపిలగానికి ఉచ్చు

లింబాద్రిని నేను మొదటిసారి చూసినప్పుడు అతను ఒక జింకకు బుద్ధులు చెబుతున్నాడు.

“నీ ముంగటున్నది ఇడిసిపెట్టి పక్కదాని గడ్డి మీద పడ్తవేందిరా పటేలా? జరంత సిగ్గనిపిస్తలేదా?”

జింక ఏమీ సిగ్గుపడలేదు. తలెత్తి అతన్ని ఒకసారి చూసి, పక్కదాని గడ్డినే తాపీగా నమలడం మొదలుపెట్టింది. నిలబడిన తీరూ, మెడ తిప్పిన తీరూ చూస్తే ఆ పోతుకు పటేల్ అని పేరెందుకు పెట్టారో నాకు అర్థమైపోయింది. ఊరు మొత్తం తన పేరన రాసిచ్చినట్టే ఉంటుంది దాని వాలకం. దాని వెనకాల, తగిన దూరంలో, బితుకుబితుకుమంటూ ఇంకో పోతుజింక తిరుగుతుండేది. అది పట్వారీ.

“పటేల్ ఉన్నకాడ పట్వారీ ఉండాలె గద సార్,” అన్నాడు లింబాద్రి, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. నరసాపురం వాణ్ణి, నాకెలా తెలుస్తుంది?

నా పేరు మోజెస్. ఒమన్లో, అల్ సువైక్ అనే ఊళ్ళో ఒక పశువుల క్లినిక్‌లో కాంపౌండర్ని. పశువుల మీద ప్రేమతో ఈ ఉద్యోగంలోకి వచ్చానని ఎవరైనా అనుకుంటే, వాళ్ళను ఒకరోజు నాతో పాటు ఒంటె దగ్గరికి తీసుకెళతాను. నాకు ఓపిక తక్కువ, కోపం ఎక్కువ. మా ఆవిడ సెలీనా చెప్పే మాట ఇది, కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. శుక్రవారం మస్కట్‌లోని రూవిలో తెలుగు ఆరాధనకు వెళ్ళాలంటే, ఏ గొర్రెకీ కడుపు ఉబ్బకూడదని గురువారం నుంచే ప్రార్థన చేసుకునే రకాన్ని. అలాంటి నాకు మనుషులు ఒకపట్టాన నచ్చరు. లింబాద్రి మాత్రం నచ్చాడు. నచ్చడం కాదు, అతనంటే నాకు గౌరవం. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

సువైక్ నుంచి కొండల వైపు పోతే ఖర్జూరం తోటలు పలచబడి, రాళ్ళూ తుమ్మ చెట్లూ మొదలయ్యే చోట హమూద్ గారి తోట ఉంది. అందరూ ఆయన్ని అర్బాబ్ అంటారు. అంటే యజమాని. పెద్దాయన, మాట నెమ్మది. తండ్రి కాలం నుంచి వాళ్ళింట్లో జింకలను పెంచుతున్నారు, దానికి ఉండాల్సిన అనుమతులన్నీ ఉన్నాయి. తోట వెనకే వాది. వాది అంటే ఎండిన ఏరు. ఏడాదిలో చాలా భాగం అక్కడ గులకరాళ్ళు తప్ప ఏమీ ఉండవు.

లింబాద్రి నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ వైపు మనిషి. మొదట్లో మస్కట్‌లో బిల్డింగు పనులు చేశాడు. రూవిలో ఒకే రూమ్‌లో బోలెడు మందితో సర్దుకుని ఉండేవాడట. ఒకసారి కంపెనీ వాళ్ళు హమూద్ గారి తోటలో గోడ కట్టడానికి పంపారు. అదే వారం ఒక ఆడజింక ఈని చచ్చిపోయింది. పిల్ల ఎవరి చేతి పాలూ తాగడం లేదు. లింబాద్రి సిమెంటు చేతులు కడుక్కుని వెళ్ళి, తడిగుడ్డతో ముందు దాని తోక కింద తుడిచాడట. “తల్లి నాకితేనే పిల్ల నోరు తెరుస్తది సార్. గది తెల్వక అందరు నోట్లె సీస కుక్కుతున్నరు.” పిల్ల మేకపాలు తాగింది. గోడ పూర్తయింది గానీ లింబాద్రి తిరిగి వెళ్ళలేదు. అర్బాబ్ కంపెనీతో మాట్లాడి అతన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆ పిల్లే పటేల్. లింబాద్రి మంచం పక్కనే పడుకుని పెరిగింది. కొమ్ములు మొలిచే వయసు నుంచి ఇద్దరికీ ఒక ఆట. అతను అరచెయ్యి దాని నుదుటి మీద పెట్టి తోస్తాడు, అది తిరిగి తోస్తుంది. ఎవరు ముందు వెనక్కి జరిగితే వాళ్ళు ఓడినట్టు. పటేల్ ఓడగా నేనెప్పుడూ చూడలేదు.

ఒకరోజు మేకలకు సూదులు వేశాక, కరక్ చాయ్ తాగుతూ అడిగాను. “జింకల సంగతి నీకింత ఎలా తెలుసయ్యా లింబాద్రీ?”

“మా తాత పట్టేటోడు సార్.”

పట్టడం అంటే పెంచడం అనుకున్నాను. కాదు. వాళ్ళది వేట ఇల్లు. ఇప్పుడైతే జైలే గానీ, తాత రోజుల్లో అడిగినవాడు లేడు. వాళ్ళ తాత తుపాకీ పట్టలేదు, కుక్కలను తోలలేదు. దీమం పెట్టేవాడట.

“దీమం అంటే?”

“మచ్చిక జేసిన పోతు సార్. దాని కొమ్ములకు నరంతోని ఉచ్చులు గట్టి అడవి పోతు ఉన్నకాడ నిలవెడ్తరు. జతకాలంల ఒక పోతు ఇంకో పోతును జూస్తే ఊకుంటదా? ఉరికొచ్చి కొమ్ములు కలుపుతది. మల్ల గుంజుకునేతందుకు జూస్తది, ఉచ్చు బిగుస్తది. గంతే.”

గంతే అని అతను మిగిలిన చాయ్ నేల మీద పారబోశాడు. ఆ తర్వాత ఏమయ్యేదో నేనూ అడగలేదు.

“ఎప్పుడు పడితే అప్పుడు రాదు సార్. జతకాలం మొదట్ల పోతుకు ఇంక పానం మీద తీపి ఉంటది, ఉరుకుతది. ఆఖరికైతే ఒళ్ళు అలిసి కొట్లాటకే రాదు. నడుమ కొన్ని దినాలు మాత్రం దానికి ఆకలి తెల్వది, దూప తెల్వది, మనిషి తెల్వది. గప్పుడు మా తాత దాని పేరు గూడ ఎత్తకపోయేది. ‘పెండ్లిపిలగాడు వస్తుండు’ అనేటోడు.”

ఆ పెళ్ళికొడుకు ఎక్కడికి వస్తాడో కూడా చెప్పాడు. మదం మీదున్న పోతు రోజూ ఒకేచోట పెంటికలు వేస్తుంది. కుప్ప పెరుగుతుంటే వాసన చూసి, కాలితో గీరి, మళ్ళీ అక్కడే వేస్తుంది. ఇది నా జాగా అని మిగతా పోతులకు చెప్పడం అన్నమాట. “గది దాని కచేరి సార్,” అన్నాడు. ఊరి పటేల్ రోజూ వచ్చి కూర్చునే కచేరి! నేను నవ్వాను. అతను నవ్వలేదు. చిన్నప్పుడు ఆ కచేరీల పక్కన తాతతో పాటు బోర్లా పడుకుని ఎన్ని పొద్దులు గడిపాడో అతనికే తెలుసు.

తాతకు ఒక నియమం ఉండేది. వాళ్ళ వైపు జింకలు జతకట్టేది మోదుగ పూసే కాలంలో. పూలు రాలాయంటే ఉచ్చులు అటకెక్కాల్సిందే. అప్పటికి ఆడజింకలు కడుపుతో ఉంటాయి. తాత పోయాక లింబాద్రి ఆ నియమం తప్పాడు. కొత్తగా పెళ్ళయింది, భార్య యాదవ్వ నెలలు నిండుతున్న మనిషి. పూలు రాలిపోయాక, ఈ ఒక్కసారికే అనుకుని నేల మీద ఉచ్చు పెట్టాడు. ఆడజింక పడింది. ఇంటికి తెచ్చి కోస్తే కడుపులో పిల్ల. యాదవ్వ గడపలో నిలబడి చూసింది. ఏడవలేదు, అరవలేదు. దగ్గరికొచ్చి అతని చెయ్యి లాగి తన కడుపు మీద పెట్టుకుంది. మళ్ళీ ఉచ్చు ముట్టనని ఒట్టు వేయించింది.

“కవిత పుట్టకముందే దాని తల మీద ఒట్టేసినోణ్ణి సార్ నేను,” అన్నాడు. కవిత ఇప్పుడు కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది.

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో కొండల మీద వాన కురిసింది. ఇక్కడ వాన మన నెత్తిన పడక్కర్లేదు. కొండ మీద పడితే చాలు, కాసేపట్లో వాది నిండి పొంగుతుంది. ఆ వరద తోట వెనక కంచెను ఊడబెరికి ఎత్తుకుపోయింది. జింకలన్నీ బెదిరి చెల్లాచెదురయ్యాయి. నీళ్ళు తగ్గాక మేత వేళకు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పట్వారీ అందరికన్నా ముందే వచ్చి మూల నక్కింది. పటేల్ రాలేదు.

అర్బాబ్ ఆ రోజు అన్నం ముట్టలేదని రఘుపతి చెప్పాడు. రఘుపతి ఆ తోటలోనే నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు, జగిత్యాల వాడు. ఒమన్లో జింకను వేటాడటం పెద్ద నేరం. అయినా దొంగలు లేని దేశముందా? చలి మొదలయ్యాక వాదిలోకి దీపాలార్పిన పికప్‌లు వచ్చి పోతుంటాయి. అడవి జింకయితే బండి చప్పుడుకే కొండెక్కుతుంది. పటేల్ ఎక్కడు. మనిషి కనిపిస్తే ఎదురొస్తాడు. పాలసీసా పట్టిన చెయ్యీ తుపాకీ పట్టిన చెయ్యీ వాడికి ఒకటే.

మా డాక్టరు గారు సెలవులో ఉన్నారు. మత్తుసూది కొట్టే తుపాకీ మా చిన్న క్లినిక్‌లో లేదు. ఉన్నవాళ్ళు వస్తామన్నారు గానీ వరద పనుల మధ్య ఎప్పుడొస్తారో చెప్పలేకపోయారు. పైగా ఆ రాళ్ళలో సూది తగిలిన జింక పరుగెత్తి ఏ గోతిలో పడుతుందోనని నాకే భయం.

ఒక ఉదయం రఘుపతి ఫోను. “మోజెస్ సార్, జల్ది రాండ్రి. వాదిల జింక తోలు వడి ఉన్నది.”

నేను వెళ్ళేసరికి లింబాద్రి ఆ తోలు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. రంగు చూశాడు, చెవి తిప్పి చూశాడు. “మనోడు గాదు,” అన్నాడు. రఘుపతి గట్టిగా ఊపిరి వదిలాడు. లింబాద్రి మాత్రం లేవలేదు. పక్కనే ఇసుకలో టైర్ల గుర్తులున్నాయి. “ఎవ్వలదైతేంది సార్. గిది గూడ ఎవ్వలో ఒకల పటేలే,” అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దానికి ఎండ మీద వంక పెట్టుకున్నాను.

“మరి దీమం పెట్టి పట్టొచ్చుగా?” అన్నాను.

“ఒట్టున్నది సార్. ఒట్టు లేకున్నా ఇప్పుడు రాదు. మోదుగ పూసేదాంక ఆగాలె. గంతల మచ్చిక మీదనే తోల్కొస్త.”

ఆ మాట మీద నిలబడి రోజూ పాలసీసా పట్టుకుని వాదిలోకి పోయేవాడు. “పటేలా, ఓ పటేలా” అని పిలుస్తూ తిరిగేవాడు. పెద్ద మనిషి, నెరిసిన మీసం, చేతిలో పాలసీసా! రఘుపతికి చిరాకొచ్చింది. “అన్నా, ఎన్ని దినాలు తిరుగుతవు? కల్లీ వల్లీ, పోతె పోనీ” అన్నాడు. లింబాద్రి వినిపించుకోలేదు.

చివరికి పటేల్ కనిపించాడు. అప్పుడు నేనూ వెంట ఉన్నాను. తుమ్మ చెట్ల వెనక నుంచి వచ్చి, దారికి అడ్డంగా నిలబడ్డాడు. లింబాద్రి ముఖం వెలిగిపోయింది. సీసా చూపించాడు. పటేల్ సీసా వంక చూడలేదు. తల దించాడు. లింబాద్రి నవ్వుతూ, “ఆడుకుందమా బిడ్డా?” అని అరచెయ్యి చాపి నుదుటి మీద పెట్టబోయాడు.

పటేల్ ఆడుకోవడానికి రాలేదు. ఒక్క ఉరుకులో వచ్చి కొమ్ముతో తొడలో పొడిచాడు. లింబాద్రి పడ్డాడు. మళ్ళీ పొడవబోతుంటే నేను మందుల సంచీ విసిరి, నా జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను. పటేల్ ముక్కుతో బుసకొట్టి, హుందాగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

చేత్తో పెంచిన పోతుతో ఇదే చిక్కు. దానికి మనిషంటే భయం ఉండదు కాబట్టి, మదం వచ్చినప్పుడు మనిషే పోటీ పోతులా కనిపిస్తాడు. మేకపోతులతో నాకిది అనుభవమే. గాయం కడిగి కుట్లు వేస్తూ లింబాద్రిని చెడామడా తిట్టాను. “ఇంకాస్త లోతుకు దిగితే ఏమయ్యేది? పాలసీసా అట, ఆటలట! అది నీ కొడుకనుకుంటున్నావా?”

లింబాద్రి మంచం మీద పడుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నొప్పికి పళ్ళు బిగించి మరీ నవ్వుతున్నాడు.

“సార్, పెండ్లి మొదలైంది.”

“ఏం పెళ్ళి?”

“గాడు మదం మీదున్నడు. నేను మోదుగ పూసేదాంక ఆగాలంటున్న. ఈ దేశంల మోదుగ యాడిది సార్? మా భీమ్‌గల్ పూలు జూసి ఈడి జింకలు లగ్గాలు పెట్టుకుంటయా? నా అసొంటి పిచ్చోడుంటడా!”

ఇన్నాళ్ళూ వాదిలో చెట్ల బెరళ్ళు కొమ్ముల రాపిడికి లేచిపోయి ఉండటం అతను చూస్తూనే ఉన్నాడట. చూసి కూడా, ఇంకా కాలం కాలేదులే అనుకుని పక్కకు తప్పుకున్నాడట. తాత చెప్పింది అంత గట్టిగా నాటుకుపోయింది మనసులో. ఇప్పుడు నవ్వు ఆగిపోయింది. ఆ నడిమి రోజులు నడుస్తున్నాయి. అవి గడిచాయంటే పటేల్ కొట్లాటకు రాడు, పట్టడం కుదరదు. ఈలోగా పికప్ వస్తే కచేరీలో కూర్చున్న పటేల్‌ని కాల్చడానికి గురి చూడాల్సిన పని కూడా లేదు.

“మరింకేం, దీమం కట్టు,” అన్నాను.

“ఒట్టు సార్.”

“ఆ జింక చచ్చిపోతే ఒట్టు ఏం చేసుకుంటావయ్యా?” అని నా మామూలు ధోరణిలో విరుచుకుపడ్డాను. అతను కోప్పడలేదు. “కవిత తల సార్ అది,” అన్నాడు. అంతే. నాకూ ఒక కూతురుంది, అబిగైల్. దాని తల మీద నేనైతే ఒట్టు వేసే ధైర్యమే చేయను.

ఫోన్ చేద్దామన్నాను. అతను చాలాసేపు తటపటాయించి యాదవ్వకు వీడియో కాల్ చేశాడు. ఆమె మొదట తొడ కట్టు చూసింది, తర్వాత కథ వింది, ఆ తర్వాత ఫోన్ పగిలిపోయేలా అరిచింది.

“మల్ల ఉచ్చు ముడ్తనంటవా? గా దినం నేను జూసింది నువ్వు మర్సినవేమో, నేను మర్వలే!”

“నేను గూడ మర్వలే యాదవ్వా.”

“మరేందయ్యా?”

“గా దినం సంపినందుకే, ఇయ్యాల బతికియ్యాలనుకుంటున్న.”

ఈలోగా తెరలోకి ఇంకో ముఖం వచ్చింది. సెలవులకు ఇంటికొచ్చిన కవిత. తల్లి భుజం మీదుగా తొంగి చూస్తూ, “ఒట్టు ఎవరి తల మీదున్నదే అవ్వా? నా తల మీదనేగా?” అంది.

“నీదే. అయితే?”

“అయితే నా తల, నా ఇష్టం. బాపూ, ఒట్టు తీసి గట్టున వెట్టిన. పో, పట్కరా.”

మా వైపు పిల్లలు ఆటల్లో అనుకునే మాట అది. ఒక మనిషి గుండె మీది బరువు దింపడానికి పనికొస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. లింబాద్రి తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. యాదవ్వ మాత్రం అంత తేలిగ్గా వదలలేదు. “సూదిమందేసే సారు పక్కపొంటి ఉండాలె. జింకది రక్తం సుక్క వడొద్దు. వడిందో, నా ఇంటికి రాకు,” అని ఫోన్ పెట్టేసింది.

ఇక చూడాలి లింబాద్రిని! తొడకు కట్టుతో కుంటుతూనే పొద్దుటా సాయంత్రమూ కచేరీకి పోయి వచ్చేవాడు. పెంటికల కుప్ప మీద తడి చూసేవాడు, కాలిగీతలు చూసేవాడు, దోసిట్లో దుమ్ము వదిలి గాలి ఎటు పోతోందో చూసేవాడు. వేటగాళ్ళ నరం ఇక్కడ దొరకదు కాబట్టి సముద్రపు ఒడ్డున చేపలవాళ్ళ దగ్గర మెత్తని నైలాన్ తాడు తెచ్చి ఉచ్చులు అల్లాడు. యాదవ్వ మాట నిలబెట్టాలని, చెట్లకు నీళ్ళు పెట్టే రబ్బరు పైపు ముక్కలు కోసి పట్వారీ కొమ్ముల కొనలకు తొడిగాడు. పట్వారీ మెడకూ పక్కటెముకలకూ గోనెపట్టా మందంగా చుట్టి కుట్టాడు. ఇదేదీ వాళ్ళ తాత చేసింది కాదు. తాతకు రక్తంతో పేచీ లేదు.

పట్వారీకి కొమ్ముల మీద బరువు అలవాటు చేయడం పెద్ద పని. పిరికి జింక. మొదట కింద పడి పొర్లింది. లింబాద్రి తిట్టలేదు, కొట్టలేదు. పక్కనే కూర్చుని ఖర్జూరాలు తినిపిస్తూ చెవిలో ఏవో ముచ్చట్లు చెప్పేవాడు. “ఊకె భయపడ్తె ఎట్లరా? పటేల్ లేకుంటె ఇగ పట్వారీ ఎవ్వలికి?” అనడం ఒకసారి నా చెవిన పడింది. అంత ఓపిక మనిషికి ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు. నాలో దాని జాడ కూడా లేదు.

ఒక గురువారం సాయంత్రం ఫోన్ చేశాడు. “రేపు పొద్దుగాల సార్. పెండ్లిపిలగాడు తయారైండు.”

శుక్రవారం. ఆరాధన. దేవుడు అర్థం చేసుకుంటాడని సెలీనాకు చెప్పాను. దేవుడైతే అర్థం చేసుకుంటాడులే అంది.

తెల్లవారుతుండగా పట్వారీని కచేరీ పక్కనే ఒక రాతికి పొడుగు తాడుతో కట్టి, మేము ముగ్గురం గాలికి ఎదురుగా ఒక గుట్ట చాటున బోర్లా పడుకున్నాం. నేను, లింబాద్రి, రఘుపతి. నా సంచీలో మత్తుసూది నింపి, కళ్ళకు కట్టే గుడ్డ తడిపి పెట్టుకున్నాను. జింకల సంగతి నాకు తెలిసిందల్లా ఒకటే. పట్టుబడ్డ జింక గాయంతో చావదు, భయంతో చస్తుంది. గుండె ఆగిపోతుంది. చేతికి చిక్కాక ఎంత తొందరగా కళ్ళు మూసి, ఒళ్ళు చల్లబరిస్తే దానికి అంత ఆయుష్షు.

రాళ్ళు మోకాళ్ళకు గుచ్చుకుంటున్నాయి. చీమలు పాకుతున్నాయి. ఎండ ఎక్కుతోంది. “వస్తాడా?” అన్నాను. లింబాద్రి నా నోటి మీద వేలు పెట్టాడు. అతని ముఖం నాకు తెలిసిన ముఖంలా లేదు. కళ్ళు ఒక్కచోట నిలిచిపోయాయి, ఊపిరి తీస్తున్నాడో లేదో తెలియదు. ఆ క్షణాన అతను ఒమన్లో పనివాడు కాదు. వాళ్ళ తాత మనవడు.

పటేల్ వచ్చాడు. తన దారిన తాను దర్జాగా నడిచి వస్తూ, కచేరీలో ఇంకొకడు నిలబడి ఉండటం చూసి ఆగాడు. ముక్కుతో గట్టిగా శబ్దం చేశాడు. పట్వారీ వణికింది. తాడు తెంచుకుని పోతుందనే అనుకున్నాను. లింబాద్రి పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. పట్వారీ కాళ్ళు నిలదొక్కుకుని, జీవితంలో మొదటిసారి తల దించి కొమ్ములు చూపించింది.

కొమ్ములు టకటక తాకాయి. దుమ్ము లేచింది. విడిపోయాయి, మళ్ళీ తాకాయి. ఈసారి పటేల్ వెనక్కి లాగాడు. తల రాలేదు.

తొడకు కుట్లున్న మనిషి అలా పరుగెత్తగలడని నేను అనుకోలేదు. మేము లేచేసరికే లింబాద్రి పటేల్ మీద పడి, మోకాళ్ళ మధ్య ఒళ్ళు ఇరికించి, ఎడమ చేత్తో కొమ్ములు పట్టి నేలకు అదిమాడు. కొమ్ము గీసుకుని అతని మోచెయ్యి చీరుకుపోయింది. అతనికి తెలియనే లేదు. అతని కుడి చెయ్యి, దానంతట అదే, నడుముకు పోయింది. అక్కడ కత్తి కోసం వెతికింది.

అక్కడేమీ లేదు. లింబాద్రి ఆ చెయ్యి పైకెత్తి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. చిన్నపిల్లాడి చూపు అది.

“సార్, మా తాత ఈడిదాంకనే నేర్పిండు. ఇంకేం జేయాలె?”

“తప్పుకో, ఇక్కడ్నుంచి నా పని,” అన్నాను. తడిగుడ్డ పటేల్ కళ్ళకు కట్టాను. రఘుపతి ఉచ్చు కోసి పట్వారీని విడిపించి, పటేల్ కాళ్ళు మెత్తని బట్టతో కట్టాడు. సూది వేశాను. ఒంటి మీద నీళ్ళు చల్లాను. చెయ్యి పెడితే గుండె నా అరచేతిని కొడుతోంది. ఆగిపోతుందేమోనని ఒక భయం, ఆగకూడదని ఒక ప్రార్థన. ఆ శుక్రవారం ఆరాధన నాకు అక్కడే జరిగింది. మెల్లగా, మెల్లగా ఆ దడ తగ్గింది. పటేల్ మెడ లింబాద్రి ఒళ్ళో వాలింది.

“బతికాడు,” అన్నాను.

లింబాద్రి ఏడ్చాడు. రఘుపతి అటు తిరిగి పట్వారీకి ఖర్జూరాలు పెట్టాడు, ఉన్నవన్నీ.

పికప్‌లో తోటకు చేరేసరికి అర్బాబ్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పటేల్‌ని చూసి “మాషా అల్లా” అన్నాడు, వచ్చి లింబాద్రి తల నిమిరాడు. కొత్త కంచె లోపల నీడలో గడ్డి పరిచి పటేల్‌ని పడుకోబెట్టి, కాళ్ళ కట్లు విప్పాం. మత్తు పూర్తిగా దిగేదాకా గుడ్డ ఉండనివ్వమన్నాను.

యాదవ్వే ఫోన్ చేసింది. తెరలో ముందు పటేల్‌ని చూపించమంది. తోక నుంచి ముక్కు దాకా చూసింది. తర్వాత లింబాద్రి చొక్కా మీద ఆమె కన్ను పడింది.

“గా రక్తమేందయ్యా?”

“నాదే.”

“జింకది?”

“సుక్క గూడ వడలే. సారును అడుగు.”

నేను అవునన్నాను. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. కానీ యాదవ్వ యాదవ్వే.

“సరే. పని అయిపాయె. ఒట్టు మల్ల ఎయ్యి.”

“కవిత గాడ, నేను గీడ. ఎట్లెయ్యాలె?”

“కవిత తలనే గావాల్నా? గా పటేల్‌కు తల లేదా?”

లింబాద్రి చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. వంగి, కళ్ళకు గంతలతో పడుకున్న పటేల్ నుదుటి మీద, ఆటలో తోసే చోటే, అరచెయ్యి పెట్టాడు. ఈసారి పటేల్ తిరిగి తోయలేదు.